చర్చి మునిగే చోటు

మా అమ్మమ్మ డ్రూసిల్లా లేకపోతే భూమి ఇవాళ్టికీ పెనం మీది రొట్టెలా బల్లపరుపుగానే ఉండేది. దాన్ని గుండ్రంగా చేసింది ఆవిడే. అదీ ఒక్క పూటలో, డెబ్భై ఆరేళ్ళ వయసులో. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్నే కానీ, ఇది మాత్రం కళ్ళారా చూశాను.

అమ్మమ్మది మా ఊరు లాంతర్ కోవే. న్యూఫౌండ్‌లాండ్ ఉత్తరపు ఒడ్డున ఇంతకన్నా చలి ఊరు లేదని ఆవిడే గొప్పగా చెప్పుకుంటుంది. వాళ్ళ నాన్న ఎలైజా పెక్‌ఫర్డ్‌కి కొడుకులు లేరు. పదకొండో ఏట ఈవిడకే లాగూ తొడిగి పడవెక్కించాడు. ఆడపిల్ల పడవెక్కితే చేప పడదని ఊరంతా మూతి తిప్పుకుంది. ఆ ఏడు ఊళ్ళో అందరికన్నా ఎక్కువ కాడ్ చేప పడింది ఆ పడవకే. అప్పటినుంచి ఈవిడ ఎవరిమాటా వినడం మానేసింది. పేకాటలో పాదిరిగారిని కూడా మోసం చేస్తుంది. పట్టుబడితే ఆయన కళ్ళద్దాల మీద తోస్తుంది.

కాడ్ వేట సర్కారు ఆపేసిన తర్వాత మా వాళ్ళకి ఊరు చూడవచ్చేవాళ్ళే దిక్కయ్యారు. ఊరి వెనక ముసలి జెమైమా అనే బోడికొండ ఉంది. వాళ్ళ కోసం దాని మీద ఒక బోర్డు పెట్టాలని ఊరి కమిటీ అనుకుంది. రాతకోతలకి పట్నం విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ ప్రెస్‌కాట్ వచ్చాడు. మందుల డాక్టరు కాదు, మాటల డాక్టరు. ఏ మాట ఎక్కడ పుట్టిందో తవ్వి తీయడం ఆయన పని. శనివారం బోర్డు బిగిస్తారనగా, బుధవారం కమిటీ పెద్ద గార్లండ్ బడ్జెల్ ఆయన్ని మా వంటింటికి తీసుకొచ్చి, రాసింది చదివి వినిపించాడు.

"భూమి పలకలా చదరంగా ఉందనీ, ఇక్కడితో దాని అంచు అయిపోతుందనీ పూర్వం ఈ ఊరివాళ్ళు నమ్మేవారు. 'భూమి నాలుగు మూలలూ చూశాను, అంచు దాటి కూడా వెళ్ళాను' అని ఎలైజా పెక్‌ఫర్డ్ అనేవాడు."

అమ్మమ్మ టీలో డబ్బాపాలు పోస్తోంది. చెయ్యి ఆగలేదు, పాలు సాసరులోకి పొంగాయి.

"మా నాన్న తెలివితక్కువవాడని కొండెక్కి చాటిస్తావా, గార్లండూ?"

"అది కాదు డ్రూసీ అత్తా, జనానికి సరదాగా ఉంటుందని..."

"మీ నాన్న పేరు పెట్టుకో. అది ఇంకా సరదాగా ఉంటుంది."

డాక్టరు మర్యాదస్థుడే. "అమ్మా, ఆయన అన్న మాటే కదా రాశాను. ఇది కాదని రుజువుంటే చూపించండి, మార్చేస్తాను" అన్నాడు.

"రేపు తెల్లారి రేవుకి రా. ఉన్ని మేజోళ్ళు తొడుక్కో. ఈ పట్నం బూట్లతో వస్తే కాలివేళ్ళు అక్కడే వదిలేసి రావాలి."

మర్నాడు సముద్రం పోసిన నూనెలా ఉంది. చుక్కాని అమ్మమ్మది. నేను ఇంజిను దగ్గర. డాక్టరు మెడలో ఈ పొడుగు దుర్భిణీ. గంట గడిచేసరికి రేవు పోయింది, ఇళ్ళు పోయాయి.

"మా ఇల్లు కనిపిస్తోందా?" అంది అమ్మమ్మ.

డాక్టరు దుర్భిణీ పెట్టి వెతికాడు. "లేదు. చర్చి మాత్రం నీళ్ళలోంచి మొలిచినట్టుంది."

"పక్కపక్కనే కదా రెండూ. ఇల్లెటు పోయింది?"

"అల అడ్డం వచ్చి ఉంటుంది."

"గంటసేపు కదలకుండా నిలబడే అల మీ పట్నంలో ఉందేమో. మా దగ్గర లేదు, నాయనా."

ఇంకో గంటకి చర్చి కూడా నడుందాకా, మెడదాకా దిగి, చివరికి సిలువతో సహా మునిగింది. జెమైమా కొండ ముక్కు కిందే మునిగింది. అమ్మమ్మ ఇంజిను ఆపించింది.

"సిలువని కొండ ముక్కుకి సూటిగా పెట్టుకుని వచ్చాను. అదొక గీత. ఇటు ఈ దీవి కొననీ ఆ నల్లరాయినీ కలిపితే ఇంకో గీత. రెండు గీతలూ కలిసే చోటుని ఏమంటారు?"

"మూల" అన్నాడు డాక్టరు, మెల్లగా.

"మా నాన్నకి చేప పడే మూలలు నాలుగు. ఇది నాలుగోది. చర్చి మునిగే చోటు కాబట్టి దీన్ని అంచు అనేవాళ్ళు. ఇది దాటితే ఇంటి గుర్తు కనబడదు, అంతే. ఇప్పుడు ఆ చుక్కాని గది కప్పు మీదికెక్కు."

డాక్టరు పాక్కుంటూ ఎక్కి, నిలబడి, దుర్భిణీ ఎత్తాడు. అప్పుడు వేసిన కేక మా ఊరిదాకా వినబడి ఉంటుంది.

"సిలువ! సిలువ మళ్ళీ లేచింది!"

"దిగు." దిగాడు. లేదు. "ఎక్కు." ఉంది. పాపం, నాలుగుసార్లు ఎక్కించి దింపింది. ఒకసారి చాలు కానీ, నాన్న పేరు కదా.

"పదకొండేళ్ళప్పుడు నా పని ఇదే. తెరచాప కొయ్య ఎక్కి, చర్చి ఉందో మునిగిందో అరిచి చెప్పాలి. భూమి వంగి ఉంటేనే కదా, కింద దాగింది పైకెక్కితే కనబడేది! బల్లపరుపుగా ఉందనుకునేవాడు కూతుర్ని కొయ్యెందుకు ఎక్కిస్తాడు?"

డాక్టరు అక్కడే టోపీ తీశాడు. "అమ్మా, నేను పుస్తకాల్లో వెతికాను. మాట ఇక్కడుంది" అన్నాడు. తర్వాత పడవ అంచు పట్టుకుని పొద్దుటి ఫలహారమంతా కక్కుకున్నాడు. అమ్మమ్మ వెనక్కి తిప్పి, సిలువ, చర్చి, మా ఇల్లు, రేవు, ఒక్కొక్కదాన్నీ నీళ్ళలోంచి పైకి తీసుకుంటూ ఊరు చేరింది. రేవులో నిలబడ్డ గార్లండ్ డాక్టరు ముఖం చూడగానే విషయం అర్థం చేసుకుని, పాత కాగితం తనే చింపేశాడు.

శనివారం ఊరంతా కొండెక్కింది. కొత్త రాత అమ్మమ్మే చెప్పింది. డాక్టరు ఒక్క అక్షరం మార్చలేదు: "ఎలైజా పెక్‌ఫర్డ్ భూమి వంపు దాటి వెళ్ళి రాత్రి భోజనానికి ఇంటికొచ్చేవాడు." జనం చప్పట్లు కొట్టారు, రేవులో మిగిలినవాళ్ళు పడవల కొమ్ములూదారు. అమ్మమ్మ బోర్డుని కొంగలా మెడ సాచి రెండుసార్లు చదివి, చేతిరుమాలుతో దాని మీది తుంపర తుడిచింది.

ఇదంతా రాసి నిన్న ఆవిడకి చదివి వినిపించాను. చేప ముళ్ళు తీస్తూనే విన్నది.

"మా నాన్నకి తొమ్మిది మాటలు చాలాయి, నీకిన్ని కాగితాలు పట్టాయి. వీటిలో ఎక్కడా, ఆ డాక్టరు కంటే ముందు నువ్వు కక్కుకున్న సంగతి లేదేమే?"