మెత్తటి బూట్లు, హసీనా తుంటి ఎముక

ఆ ఆదివారం ఉదయం హసీనా పరుగు ముగించుకుని వచ్చి మా ఇంటి మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కింది. అల్వాల్‌లో మాది మొదటి అంతస్తు. మామూలుగా రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చి తలుపు దగ్గర నుంచే "చాయ్ అయిందా?" అని అడుగుతుంది. ఆ రోజు రెయిలింగ్ పట్టుకుంది. కుడికాలు పై మెట్టు మీద పెట్టి, ఎడమకాలిని లాక్కొచ్చి దాని పక్కన చేర్చి, కాసేపు ఆగి, మళ్లీ కుడికాలు.

"ఏందీ, గిట్ల ఎక్కుతున్నవ్?" అన్నాను.

"ఏం లేదు. తొడ మొదట్ల జెర పట్టింది. ఇరవై కిలోమీటర్లు ఉరికిన గదా."

ఆ మాట నమ్మాను. నమ్మితే నాకు పని తగ్గుతుంది, అందుకు.

నా పేరు ఖాజా. రాంగోపాల్‌పేట్‌లో పరుపుల దుకాణం నడుపుతాను. హసీనా నా భార్య. బోయిన్‌పల్లిలో ఒక బడిలో లెక్కల టీచర్. ముప్పై ఆరో ఏట సుగర్ అంచున ఉందని డాక్టర్ భయపెడితే నడక మొదలుపెట్టింది. ఆ నడక ఏడాదిలో పరుగైంది. తలకు స్కార్ఫ్, నిండు చేతుల టీషర్టు వేసుకుని పది కిలోమీటర్ల పందెంలో తన వయసు వాళ్లందరికంటే ముందు వచ్చినప్పుడు, ముగింపు గీత దగ్గర నేను అరిచిన అరుపుకి మా అమ్మాయి నాజ్నీన్ చెవులు మూసుకుంది.

ఆ పందెం ఫోటోలు చూసే ఒక కొత్త బూట్ల కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. దూరాలు పరుగెత్తే వాళ్ల కోసం బాగా మందపాటి మెత్తని సోల్ ఉన్న బూట్లు తయారుచేస్తున్నారట. పెద్ద పెద్ద ఆటగాళ్లు కాకుండా, ఇల్లూ ఉద్యోగమూ చూసుకుంటూ పరుగెత్తే మనుషులు కావాలట. బూట్లు, పందేల ఖర్చులు వాళ్లవి. ఏడాదిలో ఆరు పందేలు ఆ బూట్లతో పరుగెత్తాలి, వారం వారం ఫోటోలు పెట్టాలి.

డబ్బా వచ్చిన రోజు బూటు తీసి బొటనవేలితో సోల్ నొక్కి చూశాను. ఇరవై ఏళ్లుగా ఫోమ్ అమ్ముతున్నవాడిని, చేతికి అదే అలవాటు. వేలు లోపలికి దిగి, తీయగానే ఫోమ్ పైకి లేచింది. హసీనా వాటిని తొడుక్కుని హాల్లో అటూ ఇటూ గెంతింది.

"గాల్ల నడిసినట్టే ఉన్నది. మీరు గిసొంటి పరుపు ఎందుకు అమ్మరు?" అంది.

"గిసొంటిది అమ్మితే ఎవ్వరూ పొద్దున లేవరు," అన్నాను.

ఆ బూట్లు వచ్చాక ఆమె మోకాళ్ల సలుపు తగ్గింది. నొప్పి లేకపోయేసరికి దూరం పెంచింది. వారానికి ముప్పై ఐదు కిలోమీటర్లు పరుగెత్తే మనిషి నెలన్నరలో డెబ్బైకి చేరింది. ఫోటోలలో లావుగా కనిపిస్తున్నానని రాత్రి అన్నం మానేసింది. నేను కంపెనీ వేసిన ఆమె పోస్టర్‌ని దుకాణం గోడకు అంటించి, వచ్చిన ప్రతి కస్టమర్‌కీ చూపించాను.

మెట్ల దగ్గర నేను చూసిన నొప్పి వారం గడిచినా పోలేదు. ఇంటి దగ్గర క్లినిక్‌కి వెళ్లాం. ఎక్స్-రే తీశారు. "ఎముక నార్మల్. మజిల్ స్ట్రెయిన్ అయ్యుంటుంది. నొప్పి ఎంత ఉందమ్మా?" అన్నాడు డాక్టర్.

"కొంచెం ఉంది సార్," అంది హసీనా.

నేను పక్కనే కూర్చున్నాను. ఆమె బాత్రూం నుంచి గోడ పట్టుకుని రావడం చూశాను. నమాజుకు కింద కూర్చోలేక కుర్చీ వేసుకోవడం చూశాను. అవేవీ డాక్టర్‌కి చెప్పలేదు. రెండు వారాలు రెస్ట్ అని మాత్రలు రాసిచ్చారు. సరిగ్గా రెండు వారాలకు హుస్సేన్‌సాగర్ దగ్గర హాఫ్ మారథాన్ ఉంది. కంపెనీ ఒప్పందంలో అది నాలుగో పందెం.

"పోవాల్నా?" అని ముందురోజు నన్నడిగింది.

"మెల్లగ ఉరుకు. నాలుగోది అయిపోతది," అన్నాను. పంపింది నేనే.

పద్దెనిమిదో కిలోమీటర్ దగ్గర నీళ్ల సీసాతో నిలబడ్డాను. హసీనా వస్తుంటే గుర్తుపట్టలేదు. నడుము ఒక పక్కకు ఒరిగిపోయి, ప్రతి అడుగుకూ పెదవి కొరుక్కుంటూ వస్తోంది. "ఆపెయ్" అన్నాను. వినలేదు. ముగింపు దాటి ఫుట్‌పాత్ మీద కూలబడింది. లేవమంటే ఎడమ పాదం నేల మీద ఆనించలేకపోయింది. బండి మీద కూర్చోలేక ఆటోలో వెనక సీటు మీద పడుకుంది. ఆమె తల నా ఒళ్లో ఉంది. అంత నొప్పిలోనూ "టైమ్ ఎంతొచ్చింది?" అని అడిగింది.

సికింద్రాబాద్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఆర్థోపెడిక్ డాక్టరమ్మ యాభై దాటిన మనిషి, నిదానంగా మాట్లాడుతుంది. ఎమ్మారై తీయించింది.

"ఫీమరల్ నెక్ స్ట్రెస్ ఫ్రాక్చర్. తుంటి ఎముక మెడ దగ్గర సన్నని పగులు. మొదట్లో ఇలాంటివి ఎక్స్-రేలో చాలాసార్లు కనబడవు. కంప్రెషన్ సైడ్, అంటే లోపలి వైపు ఉంది. అది మీ అదృష్టం. పూర్తిగా విరిగి పక్కకు జరిగి ఉంటే తుంటికి రక్తం అందడం కష్టమయ్యేది. ఈ వయసులో తుంటి మార్చే పరిస్థితి వచ్చేది."

రక్తపరీక్షలో విటమిన్ డి, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ రెండూ బాగా తక్కువ. పీరియడ్స్ సరిగా వస్తున్నాయా అని డాక్టరమ్మ అడిగింది. నాలుగు నెలలుగా లేవని హసీనా చెప్పింది. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"ఆ బూట్ల వల్లనేనా మేడమ్?" అన్నాను.

"ఒక్క బూట్లనే అనకండి. మెత్తటి బూటుతో నేల గట్టిదనం తెలియదు. అంతమాత్రాన ఎముక మీద పడే బరువు ఎక్కడికీ పోదు. ఈమె తిండి తగ్గించి, దూరం రెట్టింపు చేసింది. ఎముకకు సర్దుకునే టైమ్ ఇవ్వలేదు."

ఆరు వారాలు నాన్ వెయిట్ బేరింగ్. ఎడమకాలు నేలకు తగలకూడదు. వాకర్‌తోనే కదలాలి.

ఆ రోజుల్లో మా ఇద్దరి మధ్య పనులు తారుమారయ్యాయి. పొద్దున వంట నాది. పప్పులో ఉప్పెక్కువైనా "మంచిగున్నది" అని తినేది. స్నానానికి ప్లాస్టిక్ స్టూలు వేసి, నీళ్లు పోసి, తల దువ్వేవాణ్ని. పెళ్లైన పద్దెనిమిదేళ్లలో ఆమె జడ నేను ఎప్పుడూ అల్లలేదు. మొదటిసారి అల్లింది చూసి నాజ్నీన్ నవ్వి నవ్వి మంచం మీద పడింది. వాకర్ పట్టుకుని హసీనా అరచేతులు బొబ్బలెక్కితే, దుకాణం నుంచి ఫోమ్ ముక్కలు తెచ్చి హ్యాండిళ్లకు చుట్టి కుట్టాను. "గీ వాకర్‌ను సుత మీ దుకాణంల అమ్ముండ్రి," అంది.

ఐదో వారంలో కంపెనీ మేనేజర్ కార్తీక్ ఫోటోగ్రాఫర్‌ని వెంటపెట్టుకుని వచ్చాడు. పళ్లు తెచ్చాడు. కొత్త రంగులో బూట్లు తెచ్చాడు. మర్యాదస్తుడే.

"మేడమ్, రెండే ఫోటోలు. త్వరలో తిరిగి వస్తున్నాను అని పెడదాం. వాకర్ మాత్రం ఫ్రేములో వద్దు, జనం బూట్లని తప్పుగా అనుకుంటారు," అన్నాడు.

హసీనా నా వంక చూసింది. నేను వద్దంటానని చూసిందో, సరేనంటానని చూసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

"రెండు నిమిషాలే గదా," అన్నాను. వాకర్‌ని నా చేతులతోనే వంటింట్లో పెట్టి వచ్చాను.

కొత్త బూట్లు తొడుక్కుని, కుడికాలి మీద బరువు వేసుకుని కిటికీ దగ్గర నిలబడింది. ఫోటోగ్రాఫర్ కొంచెం ఇటు తిరగమన్నాడు. తిరిగింది. ఆ ఎత్తైన మెత్తటి సోల్ మీద కుడిపాదం ఒక పక్కకు ఊగింది. పడిపోకుండా ఎడమకాలు గట్టిగా నేలకు ఆనించింది. "అమ్మా" అని ఒక్క మాట. అంతే. నేను పట్టుకునేసరికి నా చొక్కాని పిడికిట్లో బిగించి పట్టుకుంది.

అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన నాజ్నీన్ వంటింట్లోకి పోయి బయటికి వచ్చింది. "డాడీ, వాకర్ అక్కడెందుకున్నది? అమ్మ ఎట్ల నిలబడ్డది?" అంది.

మరుసటి రోజు ఎమ్మారైలో పగులు ఎముక మందంలో సగం దాటింది. డాక్టరమ్మ ఫిల్మ్ చూస్తూనే "ఎవరు నిలబెట్టారు?" అంది.

"నేనే మేడమ్."

ఆమె తిట్టలేదు. "స్క్రూలు వేయాలి. ఇంక ఆలస్యం చేయొద్దు," అంది. ఆ మరుసటి ఉదయం నడుములో మత్తు సూది ఇచ్చి మూడు స్క్రూలు వేశారు. థియేటర్ బయట నాజ్నీన్ నాతో మాట్లాడలేదు. కానీ నా పక్కనుంచి లేచి పోలేదు.

వార్డుకు తెచ్చాక హసీనా కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "మీరేమన్న తిన్నరా?"

నాకు ఏడుపు ఆగలేదు. "తప్పు నాదే. నేనే వాకర్ తీసిన," అన్నాను.

"నేను వద్దన్ననా? నాక్కూడ ఆ ఫోటో కావాల్నని ఉండె. ఇద్దరం కలిసి జేసినం. ఇగ ఇద్దరం కలిసే బాగు జేసుకుందాం. ఏడ్వకుండ్రి, నర్సమ్మ జూస్తున్నది."

కార్తీక్ ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. క్షమించమన్నాడు. ఒప్పందం గడువు పొడిగించమని కంపెనీకి చెప్తానన్నాడు. హసీనా వద్దంది. "నాకు మీ మీద కోపం లేదు కార్తీక్. నేను ఎప్పుడు ఉరకాల్నో నా కాలు చెప్పాలె. ఒప్పందం చెప్పొద్దు." ఒప్పందం వదులుకుంటున్నానని ఆ వారమే వాళ్లకు మెయిల్ రాసింది. నేను దుకాణం గోడ మీది పోస్టర్ తీసేశాను.

ఆపరేషన్ తర్వాతి రోజులు అనుకున్నంత తేలిక కాలేదు. ఎనిమిదో వారంలో డాక్టరమ్మ కాలు ఆనించవచ్చంది. హసీనా ఆనించలేకపోయింది. నొప్పి లేదు, భయం. "నేల కిందికి పోతదేమో అనిపిస్తున్నది," అనేది. ఫిజియోథెరపిస్ట్ సంధ్య పాతికేళ్ల పిల్ల, ఓపిక చాలా ఎక్కువ. ఒంటి బరువు చూసుకునే మిషన్ తెచ్చి, "ఆంటీ, ముందు పది కిలోల బరువు వేయండి, చాలు. ముల్లు చూస్తూ వేయండి," అంది. రోజుకు రెండు కిలోలు పెంచుకుంటూ పోయారు. ఒకసారి ముప్పై దాకా వచ్చి తుంటి దగ్గర కలుక్కుమనిపించి, మళ్లీ వారం రోజులు పదికే వెళ్లిపోయింది. ఎక్స్-రే తీస్తే ఏమీ లేదు. ఒంటికాలి మీద అరనిమిషం నిలబడ్డ రోజు ముగ్గురం బిర్యానీ తెప్పించుకున్నాం. రాత్రి అన్నం మళ్లీ మొదలైంది. ఐరన్, విటమిన్ డి, రోజూ రెండు గుడ్లు. మూడు నెలలకు పీరియడ్స్ తిరిగి వచ్చాయని నాకు స్వయంగా చెప్పింది. ఇప్పుడు అన్నీ చెప్తుంది.

ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. హసీనా వారానికి మూడు రోజులు, నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున ఐదు కిలోమీటర్లు వెళ్తుంది. మెత్తటి బూట్లే వేసుకుంటుంది, కానీ అంత ఎత్తువి కాదు. తొడుక్కుని నిలబడితే ఊగకూడదన్నదే ఆమె పరీక్ష. గత నెలలో ఆపరేషన్ తర్వాత మొదటిసారి పది కిలోమీటర్ల పందేనికి వెళ్లింది. ముగింపు దగ్గర ఎదురుచూస్తుంటే ఫోన్ వచ్చింది.

"ఏడో కిలోమీటర్ కాడ ఆపేసిన. తుంటి కాడ జెర లాగింది. నడుసుకుంట చెట్టు కిందికొచ్చి కూసున్న. రాండ్రి, చాయ్ తాగుదాం."

పది కిలోమీటర్లలో మొదట వచ్చినప్పటి కంటే ఆ రోజే నాకు ఎక్కువ గర్వంగా అనిపించింది. మరునాడు చూపిస్తే ఎముక బాగానే ఉందన్నారు.

ఇది చదివేవాళ్లలో నాలాగా పక్కన ఉండి చూసుకునేవాళ్లకు ఒక్క మాట. గజ్జల్లో లోతుగా, అడుగు వేసినప్పుడల్లా వచ్చే నొప్పి వారానికి తగ్గకపోతే పరుగు ఆపించండి. ఎక్స్-రే నార్మల్ అన్నా, ఎమ్మారై అవసరమా అని డాక్టర్‌ని అడగండి. డాక్టర్ గదిలోకి మీరూ వెళ్లండి. నొప్పి పడే మనిషి ఎప్పుడూ తక్కువ చేసి చెప్తుంది. మొన్న చెకప్‌లో డాక్టరమ్మ "నొప్పి ఎలా ఉంది?" అంటే హసీనా "ఏం లేదు మేడమ్" అంది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"బుధవారం వంట చేస్తూ పది నిమిషాలకే కుర్చీ లాక్కుంది మేడమ్," అన్నాను.

హసీనా బల్ల కింద నా చేతిని గట్టిగా గిల్లింది. తర్వాత ఆ చేతిని వదల్లేదు.