పెద్దల ఉత్తరం కొయ్యకూడదన్న నా పట్టుదల

ఒకే ఒక్క ఈమెయిలుతో, డెబ్భై మంది చూస్తుండగా, నా పరువు గోదాట్లో ఎలా కలిసిందో చెబుతాను. నవ్వండి, ఏమీ అనుకోను. ఆ రోజు నవ్వలేకపోయింది నేనొక్కణ్ణే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా కాలేజీ పాత విద్యార్థులం డెబ్భై మందిమి ఈమెయిల్ బృందం పెట్టుకున్నాం. ఒకరు రాస్తే అందరికీ వెళుతుంది. ఆ ఏడు వేయబోయే ప్రత్యేక సంచికకి సంపాదకులు సోమయాజులు గారు, మాకు తెలుగు చెప్పిన మాస్టారు. పన్నెండు పేజీల వ్యాసం రాసి ఆయనకిచ్చాను. అది అచ్చులో చూసుకోకపోతే బతుకే వృథా అన్నంత పంతం మీద ఉన్నాను.

మాస్టారు అస్తమానం ఒకటే మొత్తుకునేవారు, జవాబు రాసేటప్పుడు పాత ఉత్తరమంతా కింద మోసుకురావద్దని, కావలసిన ముక్క ఉంచి తక్కినది తీసెయ్యమని. నేను వింటానా? పెద్దవాళ్ళ మాటకి అడ్డు రాకూడదని మా ఇంట్లో పెంచారు. అలాంటిది గురువుగారి ఉత్తరానికి కత్తెర వెయ్యడమా? మొదటి నమస్కారం నుంచి చివరి సంతకం దాకా అంతా ఉంచి, నెత్తిన నా రెండు ముక్కలు పెట్టేవాణ్ణి. నా జవాబులు సాయంత్రం వేళ కొత్తపేట బస్సులా ఉండేవి. లోపల ఎవరున్నారో ఎక్కినవాడికీ తెలిసేది కాదు.

ఒకసారి మాస్టారు తన వ్యాసం బృందానికి పంపి అభిప్రాయాలు అడిగారు. నేను దాన్ని తునిలో ఉన్న నా స్నేహితుడు ప్రభాకర్‌కి మాత్రం పంపుతూ, "మూడో పేజీలో నిద్రపట్టింది, నాలుగో పేజీలో మెలకువొచ్చింది, ఇంకా అదే వాక్యం నడుస్తోంది" అని రాశాను.

వాడు నా ఉత్తరం కింద అలాగే ఉంచి జవాబిచ్చాడు: "ఏదో ఒకటి పొగిడెయ్యరా. నీ వ్యాసం ఆయన చేతిలో ఉంది."

సలహా నచ్చింది. వాడి ఉత్తరానికే జవాబు నొక్కి, చిరునామా మాత్రం బృందానిది పెట్టి, "మాస్టారూ, ఏకబిగిన చదివానండి, కళ్ళు చెమర్చాయండి" అని పంపేశాను. కింద ఏముందో మీకు తెలుసు. అలవాటు ప్రకారం ఒక్క అక్షరం కొయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే దానవాయిపేటలో మాస్టారింటికి పరుగెత్తాను. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. దాంతో ఇంకా భయమేసింది.

"క్షమించండి మాస్టారూ."

"దేనికయ్యా? పైన రాసింది ఫర్వాలేదు. కింద రాసిందే మనసుపెట్టి రాశావు."

"మరి నా వ్యాసమండీ..."

"వేస్తాను. కొంచెం కుదిస్తాను, అంతే."

సంచిక వచ్చింది. పన్నెండు పేజీల్లోంచి నా పేరు కింద ఒక్క వాక్యం మిగిలింది: "ఆ రోజుల్లో మాస్టారు చెప్పింది మేం ఎప్పుడూ విన్నది లేదు."

ఆ పేజీ ఎదురుగా పెట్టుకుని, కుడిచెయ్యి కీబోర్డు మీద ఉంచి ప్రమాణం చేశాను. ఇక కంఠంలో ప్రాణం ఉండగా ఎవరి ఉత్తరమూ పూర్తిగా మొయ్యను. ముందు కింద కోస్తాను, ఆ తర్వాతే పైన పొగుడుతాను.