రెండో రౌండులో ఆగిన చప్పట్లు

నాకు ముక్కు మీద కోపం. పరుగులోనూ అంతే. ఎనిమిది వందల మీటర్లంటే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. మొదటి రౌండులో అందరికంటే ముందుండేదాన్ని. రెండో రౌండులో కాళ్లు బరువెక్కి అందరికంటే వెనకబడేదాన్ని. కాలేజీలో రెండేళ్లూ ఇదే తంతు. బతుకుదెరువుకు గుజరాత్ వచ్చి ఖటోదరాలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే మా బాపు, మేముండే కోసాడ్ నుంచి పొద్దున్నే నన్ను బండి మీద తెచ్చి గ్రౌండు దగ్గర దింపి పనికి పోయేవాడు. ఓడినా ఒక్క మాట అనేవాడు కాదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకునేది. ఇక మిగిలింది చివరి ఏడాది. ఒక్కసారైనా ఆయన ముందు గెలవాలి.

గ్రౌండు పక్కన కాలేజీ గర్బా టీమ్ ప్రాక్టీసు చేసేది. అందులో ఒక తెలుగబ్బాయి. వాళ్ల నాన్న హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. అతను ఆడుతుంటే గుజరాతీ పిల్లలే పక్కకు జరిగి చూసేవాళ్లు. ఒకరోజు నేను పరుగు మధ్యలో కూలబడితే వచ్చాడు.

“గర్బా నెమ్మదిగా మొదలుపెట్టి చివర్లో స్పీడు పెంచుతాం. నువ్వు చివరి స్పీడుతోనే మొదలుపెడుతున్నావు.”

“డాన్సులు చేసెటోనివి, నాకు ఉరుకుడు నేర్పుతవా? జర నీ పని నువ్వు చూస్కో!”

మర్నాడు అతను గ్రౌండు మలుపు దగ్గర నిలబడి, గర్బాలో లాగే మూడేసి చప్పట్లు నెమ్మదిగా కొట్టడం మొదలుపెట్టాడు. అతను తప్పని నిరూపించడానికే ఆ తాళానికి పరిగెత్తాను. చివర్లో ఊపిరి మిగిలింది! ఆ మాట అతనికి చెప్పలేదు గానీ, మర్నాడు పది నిమిషాలు ముందే వచ్చాను. నెల తిరక్కుండానే, చప్పట్లు వినపడని ఆదివారాలంటే చిరాకు పట్టుకుంది. అది ప్రేమేనని నాకు తెలుసు. ఒప్పుకోవడానికే మొండితనం.

కాలేజీల పోటీ రోజు బాపు సెలవు పెట్టి వచ్చాడు. మొదటి రౌండులో నా ముందు ఆరుగురు. మలుపు దగ్గర అతని చప్పట్లు నెమ్మదిగానే ఉన్నాయి, పళ్లు బిగించి ఓర్చుకున్నాను. రెండో రౌండులో అవి జోరందుకున్నాయి. ఒక్కొక్కరినే దాటాను. ఆఖరి మలుపులో ఇంక ఒక్కతే మిగిలింది. సరిగ్గా అప్పుడు చప్పట్లు ఆగిపోయాయి.

నడుమ వదిలేసి పోయాడనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. ఆ కోపంతోనే ఉరికి, ఆమెను దాటి గీత తాకాను.

ఆగకుండా నేరుగా అతని దగ్గరికే పోయాను. “ఎందుకు ఆపినవ్?”

అతను జుట్టులో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కళ్లు తడిగా ఉన్నాయి. “నిన్ను చూస్తూ తాళం తప్పాను. చిన్నప్పట్నుంచి ఎప్పుడూ తప్పలేదు.”

లోపల నాకు సంతోషమే. అయినా తిట్టడం ఆపలేదు. వెనక నుంచి బాపు గొంతు వినిపించింది.

“జర ఊపిరి తీస్కో బిడ్డా. గా పిలగాన్ని ఇంటికి తీస్కరా. ఆడ తిడుదువు గని.”

అప్పట్నుంచి ఇంట్లోనే తిడుతున్నాను.