ఎడమచేతి ఎక్స్‌రే

మా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆవిడను అందరూ ఊపిరి వదిన అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి" అంటూనే ఉంటుంది మరి. ఆ పక్క గదిలో రిపోర్టులు టైపు చేసేదాన్ని నేను. నాకు నోరెక్కువ, ఆవిడకు భయమెక్కువ. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

భయమంటే అంతా ఇంతా కాదు. లిఫ్టు ఎక్కదు. ఫోను మోగితే ముందు గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ తర్వాత ఎత్తుతుంది. అలాంటి మనిషి మిషను దగ్గర నిలబడితే మాత్రం గుక్కపట్టి ఏడ్చే పిల్లలు కూడా ఏడుపు మానేస్తారు. వయసుకు తగ్గట్టు ఎదగని పిల్లలు, వయసుకు మించి ఎదిగిపోతున్న పిల్లలు మా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల ఎముకల వయసెంతో తేల్చాలి. దానికి ఎడమచెయ్యి ఒక్కటి చాలు. పలక మీద అరచెయ్యి బోర్లా పెట్టించి, వేళ్లు కాస్త ఎడంగా సర్ది, "బల్ల కింద పిల్లి పడుకుంది, కదిలావంటే లేస్తుంది" అంటుంది వదిన. ఏ పిల్లా కదలదు.

ఆ ఫొటోను పిల్లల డాక్టరమ్మ తన బొమ్మల పుస్తకంతో పోల్చి చూస్తుంది. ఏ వయసుకు మణికట్టులో ఏ ఎముక కనపడాలి, వేళ్ల ఎముకల చివర ఎదిగే సందు ఎంత ఉండాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆడపిల్లల బొమ్మలు వేరు, మగపిల్లల బొమ్మలు వేరు. ఆ సందులు పూడుకుపోయాయంటే ఎత్తు పెరగడం ఇక అయిపోయినట్టే.

వదిన పెళ్లి ఆలస్యంగా చేసుకుంది. ఆయన దూరాలకు లారీ నడుపుతాడు. మొదటి భార్య జబ్బుతో పోయింది, ఒక కూతురు ఉంది. ఆ పిల్ల వదినను పిన్నీ అంటుంది. బక్కపలచటి పిల్ల, బడిలో పొట్టివాళ్ల వరుసకు ఎప్పుడూ తనే నాయకురాలు. "సవతి తల్లి కదా, ఏం పెడుతుందో ఏమో" అని పక్కింటావిడ ఓసారి వినపడేట్టే అంది. ఆవిడ నోట్లో మన్ను పడ! నేనైతే వెళ్లి నాలుగు దులిపేదాన్ని. వదిన ఇంట్లోకి వెళ్లి పిల్లకు ఇంకో ముద్ద కలిపి పెట్టింది. పిల్ల తినలేక కక్కుకుంది.

"ఓ ఎక్స్‌రే తీసి చూడరాదూ?" అని నేను పోరుతూనే ఉన్నాను. ఊళ్లో పిల్లలందరికీ తీసే మనిషి, సొంత ఇంటి పిల్లకు తీయడానికి వాయిదాలు వేసింది. చివరికి ఓ మధ్యాహ్నం, రద్దీ తగ్గాక, డాక్టరమ్మతో రాయించుకుని పిల్లను లోపలికి తీసుకెళ్లింది. పిల్ల రాయిలా కదలకుండా కూర్చుంది. పలకను రెండుసార్లు సర్దుకోవాల్సి వచ్చింది వదినకే.

తెర మీద బొమ్మ పడగానే ఆవిడ ముఖం పాలిపోయింది. పన్నెండు నిండిన ఆడపిల్లకు బొటనవేలి మొదట్లో గింజంత ఎముక కనపడాలి. అక్కడేమీ లేదు.

డాక్టరమ్మ పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పింది.

"ఇవి పదేళ్ల ఎముకలమ్మా. రెండేళ్లు వెనకబడ్డాయి. ఎదుగుదల హార్మోను తక్కువుందేమో పరీక్ష చేద్దాం. చేతికి సూది పెట్టి ఉంచి, పూటంతా రక్తం తీస్తూ ఉంటారు. తేడా వస్తే తలకి స్కానింగ్ కూడా చేయించాలి."

"తలలో ఏముంటుందండీ?"

"ఏమీ ఉండకపోవచ్చు. ఒక్కోసారి చిన్న గడ్డలాంటిది ఉంటుంది."

గడ్డ అన్న మాట ఆవిడ చెవిలో పడింది, అంతే. ఆ తర్వాత ఆవిడకు అన్నం సయించలేదు. పిల్ల తలనొప్పి అంటే చాలు, ఈవిడ రాత్రంతా మేలుకుని పక్కనే కూర్చునేది.

"అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పు వదినా."

"వద్దు. నీ చేతిలో పెడితే పిల్లనిలా చేశావా అంటారు. పరీక్ష అయ్యాక చెప్తాను."

"ఆయనెందుకంటారు?"

"అనరు. కానీ అనుకుంటారు."

పరీక్ష రోజు నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. మా ఆసుపత్రిలోనే ఓ గదిలో మంచం, సీసాలు, స్పిరిట్ వాసన. నర్సు పిల్ల మోచేతికి పట్టీ బిగించి నరం కోసం తడుముతోంది. పిల్ల ఆ సూదినే చూస్తోంది.

"ఎందుకు చేస్తున్నారు పిన్నీ?"

"నీ ఎముకలు నీ వయసు కన్నా చిన్నగా ఉన్నాయమ్మా. ఎందుకో చూస్తారు."

పిల్ల పెదవి కొరుక్కుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నా వయసు అది కాకపోతే?"

నర్సు తడమడం ఆపి పట్టీ వదులు చేసింది.

"అంటే?" అంది వదిన.

"చెప్పకూడదు. అమ్మ తన మీద ఒట్టు వేయించుకుంది, అసలు పుట్టినరోజు ఎవరికీ చెప్పొద్దని. నేనొకసారి నా ఫ్రెండుకి చెప్పేశాను." పిల్లకు వెక్కిళ్లు వచ్చాయి. "ఆ వారమే అమ్మ చచ్చిపోయింది. ఇప్పుడు నీకు చెప్తే... నువ్వు కూడా..."

ఇంత చిన్న ప్రాణం ఇంత భయాన్ని ఇన్నాళ్లు ఎలా మోసిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

భయపడడంలో అందరినీ మించిన మనిషి వదిన. అలాంటిది గట్టిగా గాలి పీల్చుకుని, పిల్ల ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మీ అమ్మ జబ్బు చేసి పోయిందమ్మా. నువ్వు చెప్పడం వల్ల కాదు. నాకేం కాదు. చెప్పు."

పిల్ల ఆవిడ చెవిలో చెప్పింది.

వదిన అక్కడి నుంచే భర్తకు ఫోన్ చేసింది. ఆయన గొంతు మాకూ వినపడింది. "కాగితాల్లో ఉన్నది బడి కోసం వేసిన తేదీనే! తను ఉండగానే పిల్ల బడికెళ్లడం చూడాలని వాళ్లమ్మ ఏడాదిన్నర పెంచి చెప్పింది. నీకు తెలుసనుకున్నాను."

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు గానీ బడిలో చేర్చమని ఎవరూ అనలేదు! ఇలా అందామని నోటిదాకా వచ్చింది. కానీ చావు ముంగిట నిలబడ్డ తల్లి తొందర అది. మింగేశాను.

డాక్టరమ్మ వచ్చి, సంగతి విని, మళ్లీ లెక్క చూసింది. పదిన్నరేళ్ల పిల్లకు పదేళ్ల ఎముకలంటే భయపడాల్సిందేమీ లేదంది. ఇంట్లో పొట్టివాళ్లున్నారా అని అడిగింది. లారీ ఎక్కడానికి వాళ్ల నాన్న ఎంత అవస్థ పడతాడో నేను చెప్పాను. డాక్టరమ్మ నవ్వి, పరీక్ష అక్కర్లేదు, ఆరు నెలలకు మళ్లీ చేతి ఫొటో తీసి చూద్దామంది.

నర్సు పట్టీ విప్పేసింది. వదిన కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని డ్యూటీకి వెళ్లింది.

పిల్లను బడి దగ్గర దింపుతానన్నాను. వెళ్లనంది. ఎక్స్‌రే గది ముందు బల్ల మీద కూర్చుంది. ఆ తలుపు మూసుకుని, మిషను నడుస్తోందని పైన ఎర్రలైటు వెలిగినప్పుడల్లా లేచి నిలబడింది. వదిన బయటికొచ్చి ఇంకొకరిని పిలిచాకే కూర్చుంది. సాయంత్రం గదికి తాళం పడేదాకా అలా లేస్తూ, కూర్చుంటూనే ఉంది.