మామయ్య తీసిన మూతలు

మామయ్య పోయాడన్న కబురు వచ్చేసరికి నేను అన్నం గిన్నె మూత తీయబోతున్నాను. ఫోన్ చేసింది సంచౌంగ్ పేటలో మామయ్య పక్క గదిలో ఉండే బర్మా అమ్మాయి. ఆసుపత్రిలో ఆ పూట తోడుగా ఉన్నది తనే. "ఊలే తెల్లారగట్ల పోయారు" అంది. ఊలే అంటే వాళ్ళ భాషలో మామయ్యే. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా రెండో చెయ్యి ఇంకా ఆ మూత మీదే ఉంది. యాభై ఆరేళ్ళ దాన్ని, మందుల షాపు నడుపుకునే దాన్ని, అన్నం గిన్నె మూత తీయడానికి భయపడ్డాను. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

ఇది మీకు వింతగా ఉంటుంది. అందుకని ముందు ఆ సినిమా సంగతి చెప్పాలి.

మామయ్య మా అమ్మకి తమ్ముడు. ఊళ్ళో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి సేక్కాన్ రేవులో మూటలు మొయ్యడానికి బర్మా వచ్చినవాళ్ళు. నా చిన్నప్పుడు మాకు తెలుగు సినిమా అంటే పండగే. ఎప్పుడైనా ఒక పౌరాణికం దొరికితే మామయ్య చిన్న ప్రొజెక్టరు మోసుకొచ్చి, మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో కోవెల వెనక హాల్లో ఆదివారం మధ్యాహ్నం వేసేవాడు. కిటికీలకి దుప్పట్లు కట్టేవాళ్ళు. తెర మీద దేవుడు కనబడగానే హారతి ఇవ్వడం మావాళ్ళ అలవాటు. ఒకరు కొబ్బరికాయ కొడతారు, ఒకరు కర్పూరం వెలిగిస్తారు, ఒక చిన్నపిల్ల పళ్ళెం పట్టుకుని తెర దగ్గరికి వెళుతుంది. ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి ఆ వంతు నాది అయింది.

ఆ రోజు క్షీరసాగర మథనం సినిమా అన్నారు. సౌండు పెట్టెలో వాల్వులు వేడెక్కేదాకా బొమ్మ మూగగానే నడిచేది. పేర్లు ఇంకా పడకముందే తెర మీద నల్లటి సముద్రం. అలల మధ్యలోంచి కుండలాంటిది ఒకటి నీళ్ళు కార్చుకుంటూ మెల్లగా పైకి లేచింది. దాని మూత అంచులోంచి వెలుగు వస్తోంది. "అమృత కలశం" అంటూ అమ్మమ్మ లేచి నిలబడింది. హాలంతా లేచింది. నేను తెరకి ఆనుకునేంత దగ్గరికి వెళ్ళి పళ్ళెం ఎత్తాను. మూత దానంతట అదే తిరిగింది. లోపలినుంచి ఒక చెయ్యి వచ్చింది. తడిగా, నల్లగా, వేళ్ళు లేకుండా ఉంది. కుండ అంచు తడుముకుని, నా పళ్ళెం వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే సౌండు వచ్చింది. ఒక తెల్లావిడ కేక.

అది ఇంగ్లండు వాళ్ళ పాత నలుపు తెలుపు సినిమా. ఆకాశంలోంచి సముద్రంలో పడ్డ ఏదో ఒకటి ఒక రేవు ఊరిని మింగేసే కథ. రీళ్ళు అద్దెకిచ్చే కొట్లో రెండు డబ్బాల మూతలు తారుమారయ్యాయట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పళ్ళెం నా చేతిలోంచి జారిపోయింది, జనం తొక్కుకుంటూ బయటికి పరిగెత్తారు, మామయ్య మిషను ఆపేశాడు.

ఆ సాయంత్రం అమ్మమ్మ గడపలో కూర్చుని, ఎవరితో అంటోందో తెలియకుండా అంది: "పిలిసి హారతిచ్చినాం. ఉద్వాసన సెప్పకండా లేసొచ్చీసినాం. అదిప్పుడు ఏటి సేత్తాది?"

నన్ను భయపెట్టాలని అన్న మాట కాదు. ఆవిడే భయపడిపోయి ఉంది. కానీ పూజలో దేవుణ్ణి పిలిస్తే మళ్ళీ సాగనంపాలని తెలిసినదాన్ని నేను. పిలిచినది అమ్మమ్మే అయినా వెలుగు చూపించింది నేను. ఆ రోజునుంచి మూత ఉన్న గిన్నె చూస్తే ఒళ్ళు చల్లబడేది. నీళ్ళ కుండ, అన్నం గిన్నె, ఊరగాయ జాడీ, ఆఖరికి బడికి పట్టుకెళ్ళే టిఫిను డబ్బా. ప్రతి దాంట్లోనూ ఆ చెయ్యి ముడుచుకుని ఉందనుకునేదాన్ని. జ్వరం వచ్చింది. మంచినీళ్ళు కూడా ఎవరో ముంచి ఇస్తేనే తాగాను.

మూడో రోజు మామయ్య వచ్చాడు. రీళ్ళు ఇంకా కొట్టుకి తిరిగి ఇవ్వలేదు. "పద గుంటా, దాన్ని పంపించీసి వద్దాం" అన్నాడు. ఖాళీ హాల్లో నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, గుప్పిట్లో అక్షింతలు పోశాడు. ఆ మిషనులో రీలు వెనక్కి నడిపే మీట ఉండేది. "ముందుకి నడిపితే వచ్చినాది. ఎనక్కి నడిపితే ఎల్లిపోదా?" అన్నాడు. చెయ్యి నా వైపు తిరిగి ఉన్న చోటు నుంచే బొమ్మ మొదలైంది. నేను కళ్ళు మూసుకున్నాను. మిషను చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది. "మూత పడిపోనాది. నీట్లో ములిగిపోనాది. ఏసీయ్ అక్షింతలు" అన్నాడు మామయ్య. వేశాను. కళ్ళు తెరిచేసరికి కిటికీ దుప్పటి లాగేస్తున్నాడు. మామయ్య చేతులు వణుకుతున్నాయి.

"నీకూ బయమా మామయ్యా?" అని అడిగాను.

"బయమే. బయపడతానే పని సేసీయాల. అది పోయేదాకా కూకుంటే పనవదు."

నా జ్వరం తగ్గింది. మామయ్యకి మాత్రం ఒక అలవాటు పట్టుకుంది. మా ఇంటికి ఎప్పుడు వచ్చినా చెప్పులు విడిచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, ఉన్న గిన్నెల మూతలన్నీ ఒక్కొక్కటే తీసి చూసి, మళ్ళీ పెట్టేవాడు. ఆ తర్వాతే "ఏటి వండినారు?" అని అడిగేవాడు. "వచ్చీసినాడు ఇనస్పెట్రు" అని అమ్మ వెక్కిరించేది. తిండిపోతని మేం పేరు పెట్టాం. నా పెళ్ళిలో కలశం మీది కొబ్బరికాయ ఎత్తి లోపలికి తొంగి చూస్తే పంతులుగారు నలుగురిలో చీవాట్లు పెట్టారు. మామయ్య నవ్వి ఊరుకున్నాడు. సినిమా హాలు మూసేశాక సంచౌంగ్‌లో రోడ్డు పక్కన ఫ్యాన్లు, రైస్ కుక్కర్లు బాగుచేస్తూ బతికాడు. నా కుక్కరు బాగుచేసి తెచ్చినప్పుడు కూడా నన్ను వెనక్కి జరగమని, తనే మూత తీసి చూసి అప్పుడు నా చేతికి ఇచ్చేవాడు. ఇంతా చేసి రెండు ముద్దలకి మించి తినేవాడు కాదు. అది మాకు ఎవరికీ తట్టలేదు.

పోయే ముందు రోజు మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాను. మామయ్య ఆక్సిజను మాస్కు పక్కకి లాగి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"అమ్మడూ, ఆ దినం బల్బు మాడిపోనాది."

"ఏ దినం మామయ్యా?"

"ఎనక్కి నడిపిన దినం. సెయ్యి సగమే లోపలికెల్లినాది. మూత పడనేదు. నువ్వు కళ్ళు మూసుకున్నావు గదాని అబద్దమాడీసినాను. మరో బల్బు దొరకనేదు, రీళ్ళు ఇచ్చీసినాను." ఊపిరి తీసుకున్నాడు. "నీ కాడికి రాకండా నాను సూత్తానే ఉన్నాను. ఇప్పుడు నా కాడికొచ్చినాది. మంచం కింద ఉన్నాది."

నిజం చెబుతాను. నాకు మొదట జాలి కలగలేదు, కూర్చున్న స్టూలు మీదికి కాళ్ళు ముడుచుకున్నాను. తర్వాత వంగి చూశాను. మంచం కింద మూత పెట్టిన ఇనప బేసిను ఉంది. ఆసుపత్రిలో ప్రతి మంచం కిందా ఉండేదే. దాని మూత తీసి చూపిస్తే మామయ్యకి ధైర్యం వచ్చేది. నా చెయ్యి ముందుకు రాలేదు. నలభై ఎనిమిదేళ్ళు నా కోసం మూతలు తీసిన మనిషికి నేను ఒక్క మూత తీయలేకపోయాను.

బదులుగా మామయ్య చెయ్యి పట్టుకుని నోటితోనే రీలు వెనక్కి నడపడం మొదలుపెట్టాను. "కేక ఆగిపోనాది మామయ్యా. సెయ్యి లోపలికి ఎల్తంది."

"మూత?"

"తిరుగుతంది."

"పడినాదా?"

ఇంతలో నర్సు వచ్చి టైము అయిపోయిందని నా భుజం తట్టింది. ఇంకొక్క మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఆ మంచం దగ్గరినుంచి లేవడానికి నాకు సాకు దొరికింది. "రేపొచ్చి మూత పెట్టీస్తాను" అని వచ్చేశాను. ఆ రేపు తెల్లారకముందే మామయ్య పోయాడు.

దహనం అయ్యాక గది ఖాళీ చెయ్యడానికి వెళ్ళాను. బర్మా అమ్మాయి తాళం తీసి గుమ్మంలోనే నిలబడింది. గదిలో ఉన్న గిన్నెలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. టీ కెటిలు, బియ్యం డబ్బా, ఊరగాయ సీసా, నీళ్ళ కుండ, దేనికీ మూత లేదు. మూతలన్నీ తలగడ పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. "ఊలే ఎప్పుడూ మూతలు పెట్టేవారు కాదు. మతిమరుపు అనుకున్నాను" అంది ఆ అమ్మాయి.

మూతలు తీసుకున్నాను. నా చేతులు ఆ రోజు మామయ్య చేతుల్లాగే వణికాయి. ఒక్కో గిన్నెలోకి ముందు తొంగి చూసి, అప్పుడు మూత పెట్టాను. చివరికి నీళ్ళ కుండ మిగిలింది. సగం నీళ్ళున్నాయి, అడుగు కనబడలేదు. మూత పెట్టి రెండు అరచేతులతో నొక్కి పట్టుకున్నాను.

"పడినాది మామయ్యా" అన్నాను.

చాలాసేపు చేతులు తీయలేదు. అరచేతుల కింద లోపల నీళ్ళు ఒకసారి కదిలి, ఊరుకున్నాయి.