బాపు రాసిన పిట్ట కూత

సరిహద్దు కొండ మీది ఆర్మీ పోస్టుకు నేను చేరింది జనవరిలో, సాయంత్రం నాలుగింటికి. మోకాళ్ల లోతు మంచు. వీపు మీది సంచి దించకముందే హవల్దార్ సాబ్ హిందీలో మొదటి ఆర్డర్ ఇచ్చాడు. "'టుప్' అని వినబడితే బంకర్‌లోకి దూకు. ఎందుకని అడగకు."

'టుప్' అంటే అవతలి కొండ మీద మోర్టార్ నుంచి గుండు బయల్దేరిన చప్పుడు. ఆ వెనక 'సుయ్‌య్‌య్' అని వస్తుంది. చివర 'ధన్'. చీకటి పడకముందే మూడూ విన్నాను. పై ప్రాణాలు పైనే పోయాయి.

నాది రుద్రూర్. పోస్టులో రేడియో ఆపరేటర్‌ది మా పక్కనే బోధన్. నాకంటే పెద్దవాడు, అన్నా అనేవాణ్ని. బంకర్ వెనక బండ మీద ఫోన్‌కు ఎప్పుడైనా సిగ్నల్ దొరికేది. ఒకరోజు అన్న, రెండో తరగతి చదివే కూతురితో మాట్లాడుతుండగా గుండు మా నెత్తి మీదుగా పోయింది. పిల్లకు వినబడింది.

"గదేంది బాపూ?"

"పిట్ట బిడ్డా."

ఇక పిల్ల ప్రాణాలు తోడేసింది. చెరుకు తోటల్లో తను విన్న పిట్ట కూతలన్నీ వాళ్లమ్మ ఫోన్‌లోంచి రాసి పంపేది. చిలుక 'కీ కీ', జెముడుకాకి 'ఊప్ ఊప్'. చివర 'ఇగ నీ పిట్టది రాయి' అని. అన్న రాసేవాడు: 'టుప్... సుయ్‌య్‌య్'.

ఆ మెసేజ్ ఒకసారి నా కంటబడింది.

"గిదేందన్నా, గుండు కూత రాస్తున్నవ్?"

"ఇన్నదే రాస్తున్న తమ్మీ. ధన్ అని మాత్రం రాయ. పిల్ల బుగులు పడ్తది."

మార్చిలో ఒక పొద్దున గాలికి ఆంటెన్నా ఒరిగింది. "సరిజేసొస్త, చాయ్ పెట్టు తమ్మీ" అని అన్న బయటికి పోయాడు. 'టుప్' అందరికీ వినబడింది. హవల్దార్ సాబ్ లోపలికి రమ్మని అరిచాడు. అన్న బంకర్ గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. స్టవ్ మీద చాయ్ మరుగుతూనే ఉంది.

ఆ పోస్టులో నా వంతు ముగిసి సెలవు దొరికాక నిజామాబాద్‌లో రైలు దిగి, ఇంటికి పోకుండా బోధన్ బస్సెక్కాను. వదిన మంచం వాల్చి, నీళ్లకు లోపలికి పోయింది. బాపు చనిపోయాడని పిల్లకు తెలుసు. ఎట్లా పోయాడో తెలియదు. వచ్చి నా ముందు నిలబడింది.

"కాకా, బాపు పిట్ట కూత నాకొచ్చు. సూడు."

మూతి సున్నాలా చుట్టి 'టుప్' అన్నది. అచ్చం అదే. ఆ వెనక 'సుయ్‌య్‌య్'.

నేను మంచం మీదినుంచి నేల మీద బోర్లా పడ్డాను. రెండు చేతులూ తల మీద. వదిన చెంబుతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ పిట్ట ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

పిల్ల నా పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"బుగులు పడకు కాకా. గది పిట్టనే, ఏమనదు. ఇంకోసారి కూస్త, సూడు."

మళ్లీ మూతి చుట్టింది. ఆ చిన్న మూతి ఇప్పటికీ నా కళ్ల ముందు అట్లాగే ఉంది.