పోయే తీగ, వచ్చే తీగ

మొన్న శుక్రవారం మా ఇంట్లో ఇంటర్నెట్టు ఎంత వేగంగా పరిగెత్తిందంటే, పరిగెత్తి పరిగెత్తి యాడికీ పోలేదు. ఆ వేగం చూసి మురిసిపోయి ఎదురింటాయన్ను కూడా పిలిచి చూపించినాను. ఆ ఘనకార్యం చేసింది నేనే. చెప్తాను, నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా ఇంట్లో వాళ్ళు ఇంకా నవ్వుతానే ఉన్నారు.

నాది తిరుపతిలో మోటార్ల వైండింగు పని. చదువు ఐదో తరగతితో సరి. మా నాయన పోయినాక ఒక అంగట్లో రాగితీగ చుట్టే పనికి కుదిరినాను. ఒక్క చుట్టు తప్పితే ఓనరు నెత్తిన మొట్టి మొత్తం విప్పించేవాడు. అట్లా తిట్లు తిని, షాకులు తిని పని నేర్చుకున్నాను. తర్వాత కార్వేటినగరం నుంచి, సత్యవేడు నుంచి కాలిపోయిన బోరు మోటార్లు వెతుక్కుంటా నా దగ్గరికే వచ్చేవి. ఇప్పుడు అంగడి వదిలేసినాను గానీ, తీగ నా చేతిలో ఉన్నప్పుడు ఎవరన్నా 'అట్లా కాదు పెద్దాయనా' అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా కోడలు హేమ పెండ్లికి ముందు చిత్తూరులో స్కూలు టీచరు. బిడ్డ పుట్టినాక మానేసింది. మళ్ళీ చేరదామంటే ఏ స్కూలూ చంటిబిడ్డ తల్లికి అనువుగా లేదు. చివరికి ఇంట్లోనే కూర్చొని కంప్యూటర్లో పిల్లకాయలకు లెక్కలు చెప్పే ఉద్యోగం ఒకటి కనపడింది. శుక్రవారం సాయంత్రం డెమో క్లాసు. అది బాగా చెప్తే ఉద్యోగం, లేకపోతే లేదు. వారమంతా ఆ పిల్ల అద్దం ముందర నిలబడి భిన్నాలు చెప్పుకుంటానే ఉంది. దోసెను నాలుగు ముక్కలు చెయ్యకుండా మాకు టిఫిను పెట్టలేదు.

చిక్కంతా ఇంటితోనే. మోడెం ముందర గదిలో, దాని పక్కనే నా కంప్యూటరు. నేను అందులో పౌరాణిక నాటకాలు చూస్తాను. హేమ కంప్యూటరు వెనక గదిలో. మాది పాతకాలం రాతిగోడల ఇల్లు. వైఫై నడిమింటి గోడ దాటదు. సెల్లు సిగ్నలు మిద్దె ఎక్కితేగాని దొరకదు. పోనీ ముందర గదిలోనే కూర్చొని చెప్పమందామంటే, రోడ్డు మీద టమోటా బండ్ల మైకులు. కాబట్టి వెనక గదికి తీగ లాగాల్సిందే.

మా కొడుకు మురళి సత్యవేడు పక్క ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. శుక్రవారం షిఫ్టు మధ్యాహ్నమే అయిపోతుందనీ, వచ్చి తానే కలుపుతాననీ చెప్పినాడు. అంతటితో ఆగింటే సరిపోయేది.

"నువ్వు మాత్రం చెయ్యి పెట్టొద్దు నాయనా" అన్నాడు.

ఆ మాట అన్నాక ఊరికే కూర్చుంటానా? పొద్దున్నే బజారుకు పోయినాను. ఇంటి వైరింగుకు జంక్షన్ బాక్సు ఉన్నట్టు దీనికీ ఒకటి ఉంటుంది కదా, అదియ్యి అన్నాను. అంగడాయన ఐదు సాకెట్ల చిన్న డబ్బా ఒకటీ, కొత్త తీగలు మూడూ ఇచ్చినాడు. మోడెంలోంచి డబ్బాకు ఒకటి, డబ్బాలోంచి కంప్యూటర్లకు చెరొకటి అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయినాడు. నేను వినలేదు.

పని మాత్రం చూడముచ్చటగా చేసినాను. డబ్బాను మోడెం పైన గోడకు బిగించి, అక్కడినుంచి వెనక గదిదాకా క్లిప్పులు కొట్టుకుంటా, తలుపుల మీదుగా తీగ తీసుకుపోయినాను. మా ఇంటామె రాజమ్మ స్టూలు పట్టుకుంది. అంతా అయినాక చూస్తే, మోడెం వెనక రెండు సాకెట్లు ఉన్నాయి. ఒకదాంట్లో తీగ పెట్టినాను. రెండోది ఖాళీ.

నా మనసు ఒప్పలేదు. జన్మంతా నేను చేసిన పనేమి? కరెంటు ఒక తీగలో పోవాలి, ఇంకో తీగలో తిరిగి రావాలి. పోయేదానికి దారి పెట్టి వచ్చేదానికి పెట్టకపోతే ఏ మోటారు తిరుగుతుంది? మోడెం చేసినవాడు ఊరికే పెట్టినాడా రెండు సాకెట్లు? ఒకటి పోయేదానికి, ఒకటి వచ్చేదానికి. ఇంత చిన్న విషయం అంగడాయన మరిచిపోయినాడని జాలిపడి, నా కంప్యూటరుకు ఉన్న పాత తీగ తీసి, డబ్బాలోంచి మోడెం రెండో సాకెట్టుకు, దానికీ క్లిప్పులు కొట్టి, రిటర్ను ఇచ్చినాను.

"ఇన్నాళ్ళూ నీ నాటకాలు ఒక్క తీగతోనే వచ్చినాయి కదా" అనింది రాజమ్మ.

"అప్పుడు ఒక్క కంప్యూటరు. ఇప్పుడు రెండు. లోడు పెరగదా? నీకేం తెలుసు, స్టూలు పట్టుకో" అన్నాను.

స్విచ్చి వేసినాను. ఏం చెప్పమంటారు! మామూలుగా మోడెంలో లైటు నిదానంగా మిణుకుమంటుంది. ఇప్పుడు మోడెంలోనూ డబ్బాలోనూ అన్ని లైట్లూ ఒకేసారి, కన్ను నిలవనియ్యకుండా కొట్టుకుంటున్నాయి. నాకు ఛాతీ ఉబ్బింది. వాకిట్లోకి పోయి ఎదురింటి రెడ్డెప్పను పిలుచుకొచ్చినాను. ఆయన నడుము మీద చేతులు పెట్టుకొని కాసేపు చూసినాడు.

"ఏమప్పా ఇది, బ్రహ్మోత్సవాలకు వేసిన సీరియల్ లైట్ల మాదిరి ఉండాదే. మా ఇంట్లో ఏడస్తా ఏడస్తా ఒక్కటి ఎలుగుతాది."

చేసే చేతిని బట్టి ఉంటుందని చెప్పినాను. ఆదివారం తన ఇంటికీ వచ్చి చెయ్యమన్నాడు. సరేనన్నాను. కంప్యూటరు తెరిచి ఒకసారి చూద్దామని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. మోటారు అంత జోరుగా తిరుగుతుంటే నీళ్ళు రాలేదా అని చూస్తామా?

సాయంత్రం హేమ బిడ్డను నిద్రపుచ్చి, మంచి చీర కట్టుకొని వెనక గదిలో కూర్చుంది. కొంచేపటికి బయటికి వచ్చింది.

"మామా, ఏమీ రాలేదు."

"కొంచెం ఆగు పాపా. ఈ స్పీడుకు నీ కంప్యూటరు తట్టుకోలేకుండా ఉండాది."

ఆ మాట అనేసి నా కంప్యూటరు తెరిచినాను. నాటకమూ రాలేదు. స్విచ్చి ఆర్పి వేసినాను. మళ్ళీ అదే సీరియల్ లైట్లు. సాకెట్లన్నీ అదిమినాను. లైట్లు ఇంకా హుషారైనాయి. హేమ ఫోను తీసుకొని మిద్దె మీదికి పరిగెత్తింది. మురళికి చేస్తే ఎత్తలేదు, బస్సులో ఉన్నట్టున్నాడు. క్లాసు వాళ్ళకు చేస్తే, కొంచేపు చూస్తామనీ, ఆలోపు రాకపోతే తర్వాతి వాళ్ళను పిలుస్తామనీ అన్నారట.

కిందికి దిగొచ్చింది. కొంగుతో కండ్లు అద్దుకొని, పోయి ఆ ఖాళీ తెర ముందర కూర్చుంది. తిట్టింటే బాగుండు. తిట్లు తట్టుకునే అలవాటు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. ఇదే నావల్ల కాలేదు.

తప్పు నాది కదా, అందుకని అందరినీ తిట్టడం మొదలుపెట్టినాను. తీగలు అమ్మినవాణ్ణి, మోడెం చేసినవాణ్ణి, రాతిగోడలు కట్టిన మా తాతను కూడా వదల్లేదు.

"అరిస్తే వస్తాదా? ముందు ఆ పాప సంగతి సూడు" అనింది రాజమ్మ.

అంతే, నాకు తిక్క రేగింది. చేతికి అందిన తీగ పట్టుకొని ఒక్క గుంజు గుంజినాను. క్లిప్పులతో పాటు గోడ సున్నం కూడా పెళ్ళలు ఊడి పడింది. లైట్ల ఆర్భాటమంతా ఒక్కసారిగా అణిగిపోయింది. అక్కడొకటి, ఇక్కడొకటి మెల్లగా మిణుకుమంటున్నాయి. అయిపోయింది, చంపేసినాను అనుకొని కుర్చీలో కూలబడినాను.

వెనక గదిలోంచి గొంతు వినపడింది.

"గుడ్ ఈవినింగ్ సార్. ఇప్పుడు వినిపిస్తా ఉందా? థాంక్యూ సార్. పిల్లలూ, మీ ముందర ఒక దోసె ఉందనుకోండి..."

నా చేతిలోకి చూసుకున్నాను. ఊడొచ్చింది రిటర్ను తీగ.

క్లాసు అయ్యేదాకా కుర్చీలోంచి కదల్లేదు. కదిలితే మళ్ళీ పోతుందేమోనని భయం. తీగ కూడా కింద పెట్టలేదు. నడుమ టమోటా బండి మైకు మోగింది. రాజమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పోయి, మైకు ఆపితే కొంటానని బేరం పెట్టి, బుట్టనిండా కొనుక్కొచ్చింది. హేమ దోసెను సగం చేసింది, పావు చేసింది, మిగిలింది ఎంతని అడిగింది. నేను లోపల్లోపల జవాబు చెప్పుకుంటా కూర్చున్నాను. రెండు తప్పులు పోయినాయి.

బయటికి వచ్చేసరికి ఆ పిల్ల ముఖం వెలిగిపోతా ఉంది.

"తీసుకుంటామన్నారు మామా" అనింది. అని, నా చేతిలో తీగనూ కింద సున్నం పెళ్ళలనూ చూసి, ఇక నవ్వు ఆపుకోలేకపోయింది.

అప్పుడు దిగినాడు మురళి. అంతా చూసి తల పట్టుకున్నాడు. ఒకే తీగలో పోయేదానికీ వచ్చేదానికీ లోపల వేరే వేరే పోగులు ఉంటాయంట. నేను రెండో దారి పెట్టేసరికి, పోయింది పోయినట్టే తిరిగొచ్చి, మళ్ళీ పోయి, ఆ డబ్బాకూ మోడెంకూ మధ్యనే తిరుగుతా ఉండిపోయిందంట. నేను రెడ్డెప్పను పిలిచి చూపించిన స్పీడు అదీ.

"సరే, మరి మోడెంకు ఆ రెండో సాకెట్టు ఎందుకురా?" అని అడిగినాను.

"రెండో కంప్యూటరుకు నాయనా. డబ్బా కూడా అక్కర్లేదు."

నిన్న హేమకు ఆ క్లాసుల మేడమ్ ఫోను చేసింది. ఆ రోజు పోయిన లైను అంత త్వరగా ఎవరు బాగుచేసినారని అడిగిందంట. హేమ నవ్వు దాచుకొని, మా మామగారని చెప్పింది. ఏర్పేడులో ఇంకో టీచరుకు కూడా ఇదే బాధ ఉందనీ, పెద్దాయన్ను ఒకసారి పంపిస్తారా అనీ ఆమె అడిగింది. హేమ నా పక్క చూసింది. నేను రాజమ్మ పక్క చూసినాను.

"పంపించు పాపా" అనింది రాజమ్మ వంటింట్లోంచి. "ఉత్త చేతుల్తో పంపించు. తీగ ఇచ్చి పంపితే ఆ టీచరమ్మ ఉద్యోగం పోతాది."

నేనైతే పోదామనే ఉన్నాను. కలిపేదాని సంగతి నాకు తెలియదు గానీ, పెరికేదాంట్లో ఇప్పుడు నాకు జిల్లాలో మంచి పేరుంది.